వేలు తీసినంక

నలభై రెండు, అన్నది సారక్క.
నలభై ఒకటే, అన్నది నేను చేసిన డబ్బా.
గుమస్తా డబ్బా దిక్కు చూసిండు,
మనిషి దిక్కు చూడలే.

ఎనుమాముల మార్కెట్‌ల ఫిబ్రవరి.
మిర్చి ఘాటుకు కాంటా సుత తుమ్ముతదేమో అనిపిస్తది.
ఆఖరి బస్తా ఎక్కింది, బరువు తెర మీదికొచ్చింది,
సారక్క జారుడు స్విచ్చి టక్కున కిందికి అన్నది.
బ్యాటరీ పానం కాపాడు అని నేర్పింది నేనే.
లోపల చిప్పు ఇంకా రాసుకుంటనే ఉన్నది.
సగం రాసిన అంకె అంకె గాదు.
బస్తా ఉన్నది, దాని బరువు లేదు,
దాని మూతి కుట్టిన కూలి సుత లేదు.

పోచమ్మమైదాన్‌ల దుకాణం షట్టరు సగం దించి
రాత్రి పదింటికి కూసున్న.
స్విచ్చి పీకేసి, ఆ సందుల ఒక బొత్తం పెట్టిన,
అంగీ గుండీ అంత, ఎర్రది.
దాని ఎనుక ఒక మాస్‌ఫెట్‌, తలుపు లెక్క.
లక్ష ఓముల రెసిస్టరు ఆ తలుపును మూసి పడతది.
వేలు నొక్కితే తెరుచుకుంటది,
కరెంటు లోపలికి పోయి చిప్పును లేపుతది,
లేచిన చిప్పు తన తలుపును తనే పట్టుకోవాలె.
కాయిదం మీద గంతే.

నొక్కిన, వెలిగింది. తీసిన, సచ్చింది.
నొక్కిన, వెలిగింది. తీసిన, సచ్చింది.
అజ్గర్‌ చాయ్‌ తెచ్చి నిలబడి చూసి
"భాయ్‌, ఇది కాలింగ్‌ బెల్లు గదా" అన్నడు.

పదకొండున్నరకు దొరికింది తప్పు.
నేను రాసిన ప్రోగ్రాంల, లేవంగనే అది
తెర మీద నమస్తే పెడుతున్నది,
పేరు చెప్తున్నది, కాంటాను పలకరిస్తున్నది,
ఆఖరికి యాదికొస్తున్నది తలుపు సంగతి.
మర్యాదలన్నీ కిందికి జరిపిన.
పుట్టంగనే ముందు పట్టుకో,
నమస్తేలు తర్వాత.

ఇగ ఆర్పుడు.
సోల్డరు సల్లారేదాక చేతులు ఖాళీ,
అందుకే యాదికొచ్చింది గని, అమ్మ కొత్తవాడల
జంపఖానాలు నేసేది. అన్నానికి ఎన్నిసార్లు పిలిచినా
నాడె అవతలి ఒడ్డుకు చేరందే మగ్గం దిగేది కాదు.
"నడుమల ఇడిసిన పోగు పొద్దున దొరకదు బిడ్డా."
నాకు ఆకలైతుండె, కోపమొస్తుండె.

చిప్పుకు గదే రాసిన, అమ్మ మాటల గాదు, దాని మాటల:
రెండోసారి నొక్కితే సావకు,
చేతిల పని రాసుకో,
రాసింది మల్ల ఒకపాలి చదువుకో,
అప్పుడు తలుపు ఇడువు.

నొక్కి పట్టిన. రాసుకున్నది. చదువుకున్నది.
ఇడిసింది.
డబ్బా ఆరలే.
తీగలన్నీ చూసిన, డయోడు తిప్పి చూసిన,
డయోడును తిట్టిన సుత.
తర్వాత కనపడింది నా వేలు,
ఇంకా బొత్తం మీదనే ఉన్నది.
అది ఇడిసినా నేను పట్టుకునే ఉన్న.
తీసిన.
తెర మెల్లగ నల్లబడ్డది.

ఆరినంక సుత మీటరు
రెండు మైక్రో ఆంపియర్లు చూపెడుతున్నది.
ఏడికెల్లి కారుతున్నదో దేవులాడలే.
నిద్రల ఊపిరనుకొని ఇంటికి పోయిన.

పొద్దుగాల మార్కెట్‌ల ఓదెలు బస్తాలెత్తిండు,
సారక్క దబ్బనం కొప్పుల చెక్కి బొత్తం నొక్కింది.
తెర మీద: యాభై ఏడు, రాసుకున్న.
దాని కింద: ఇగ వేలు తియ్యి.
"నాకే చెప్తున్నదా ఇది?" అని నవ్వింది,
జర సేపు తియ్యలే, కావాలనే.

ఆ నలభై రెండో బస్తా
ఏ మెమొరీల లేదు, ఏ చిట్టాల లేదు.
దాని మూతి కుట్టిన దబ్బనం
సారక్క కొప్పుల ఉన్నది.